ఎయిర్ రైఫిల్‌కి ఏ స్కోప్ కొనాలి? పది మీటర్లకి ఒకటి, పాతిక మీటర్లకి ఒకటి

సిరిమానుకి విజయనగరం వచ్చిన మా చిన్నాన్న కొడుకు సంచిలోంచి ఒక పొడుగాటి స్కోప్ తీసి నా ముందు పెట్టాడు. వాడిది శ్రీకాకుళం పక్కన పల్లె, కొత్తగా బ్రేక్ బ్యారెల్, అంటే బ్యారెల్‌ని మధ్యకి మడిచి పెల్లెట్ పెట్టే ఎయిర్ రైఫిల్ కొన్నాడు. స్కోప్ 6-24×50, అంటే 6 నుంచి 24 రెట్లు పెద్దగా చూపిస్తుంది, ముందు అద్దం 50 మిల్లీమీటర్లు. "అన్నియ్యా, దీంట్లోంచి చూస్తే టార్గెట్ పేపరంతా మసకగా ఉంది, అద్దాలు పోయాయేటి?" అన్నాడు. అద్దాలేం పోలేదు. ఫోకస్ రింగ్ మీద ఉన్న అతి చిన్న నంబర్ 25 గజాలు, వాడు కాల్చేది పెరట్లో పది మీటర్ల దగ్గర. పుస్తకాన్ని ముక్కుకి ఆనించి చదవబోతే అక్షరాలు కనపడతాయా, ఇదీ అంతే.

వాడికి ఆ రోజు చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా, ఎందుకంటే మా రెండు జిల్లాల్లో నాకు తెలిసిన కుర్రాళ్లు రైఫిల్ దగ్గర నెలల తరబడి ఆలోచిస్తారు గానీ స్కోప్ దగ్గరికొచ్చేసరికి ఎక్స్, అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుందన్న అంకె, ఎంత ఎక్కువుంటే అంత మంచిదనుకుని ఆర్డర్ పెట్టేస్తున్నారు. స్కోప్ కొనేటప్పుడు ముందు చూడాల్సింది ఎంత పెద్దగా చూపిస్తుంది అని కాదు, మీరు కాల్చే దూరానికి దాని ఫోకస్ దిగుతుందా, మీ రైఫిల్ కుదుపుకి తట్టుకుంటుందా, ఈ రెండే. మిగతావన్నీ తర్వాత.

దానికన్నా ముందు ఇంకో మాట. ఒలింపిక్స్ తరహా పోటీలకి వెళ్లాలని ఉంటే అసలు స్కోప్ కొనకండి. ఒలింపిక్స్‌లో ఉండే 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి టెలిస్కోప్ నిషేధం, ఐఎస్ఎస్ఎఫ్ అనే అంతర్జాతీయ షూటింగ్ సంఘం రూల్. అక్కడ వాడేది పీప్ సైట్, దాన్నే డయాప్టర్ అని కూడా అంటారు, కంటి దగ్గర సన్నటి రంధ్రం, గొట్టం చివర ఒక రింగు, ఆ రింగులో టార్గెట్ నల్ల వృత్తం, ఒకదాంట్లో ఒకటి సరిగ్గా మధ్యకి కూర్చోవాలి. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రాకి బంగారం, 2012లో లండన్‌లో మన హైదరాబాద్ గగన్ నారంగ్‌కి కాంస్యం వచ్చింది ఇలాంటి సైట్ మీదే, పెద్దగా చేసి చూపించే అద్దం ఏదీ లేకుండా. ఆ టార్గెట్‌లో పది పాయింట్ల చుక్క అడ్డుకొలత అర మిల్లీమీటరు, పెల్లెట్ ఏమో నాలుగున్నర మిల్లీమీటర్లు, అంటే చుక్కకి తొమ్మిది రెట్లు లావు. మా మేనకోడలు ఎనిమిదో తరగతి, దానికి పోటీలకి వెళ్లాలని గట్టిగా ఉంది, వాళ్ల నాన్న స్కోప్ కొంటానంటే నేనే ఆపాను బావా వద్దని. స్కోప్‌లో ఏడాది అలవాటు పడి తర్వాత పీప్‌కి మారితే చెంప ఆనించే చోటు, తల నిలబెట్టే తీరు, కన్ను దేన్ని చూడాలి అన్నది మొత్తం మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. పిల్లలకి ఆ ఏడాది చాలా విలువైంది.

మరి స్కోప్ ఎవరికి అంటే, ఇంటి దగ్గర పేపర్ మీద కాల్చేవాళ్లకి, 25 మీటర్ల బెంచ్‌రెస్ట్, అంటే రైఫిల్‌ని బల్ల మీద ఆనించి కాల్చడం ఇష్టమైన వాళ్లకి, చూపు కాస్త మందగించి ఓపెన్ సైట్‌లో వెనక గాడీ ముందు పుల్లా టార్గెట్టూ మూడూ ఒకేసారి కనపడని నా లాంటి నలభై దాటిన వాళ్లకి. ఫీల్డ్ టార్గెట్ అని ఇంకో ఆట ఉంది, ఇనప బొమ్మల్లో చిన్న రంధ్రంలోకి కొట్టడం, దూరం ఎనిమిది తొమ్మిది మీటర్ల నుంచి 50 మీటర్ల దాకా ఎంతైనా ఉండొచ్చు, అందులో స్కోపే ప్రాణం. మన దగ్గర అది ఆడేవాళ్లు తక్కువ గానీ స్కోప్ గురించి నేర్చుకోవాలంటే వాళ్ల అనుభవమే మంచి బడి.

ఇక పారలాక్స్. కొత్తవాళ్లు ఎక్కువ నష్టపోయేది ఇక్కడే కాబట్టి కొంచెం ఓపిగ్గా చదవండి. బండి వెనక కూర్చున్నవాడు భుజం మీంచి స్పీడోమీటర్ చూస్తే ముల్లు 50 దగ్గర కనిపిస్తుంది, నడిపేవాడికి 55 కనిపిస్తుంది, ముల్లు వేరు అంకెలున్న పలక వేరు, రెంటి మధ్య సందు ఉంది కాబట్టి. స్కోప్ లోపలా అదే జరుగుతుంది. టార్గెట్ బొమ్మ ఒక చోట, క్రాస్ గీతలు ఇంకో చోట పడితే మీ కన్ను కాస్త పక్కకి జరిగినా గీత టార్గెట్ మీద జరిగినట్టు కనిపిస్తుంది, మీరు దాన్ని సరిచేసి కాలుస్తారు, పెల్లెట్ పక్కకి పోతుంది, తప్పు చెయ్యిదో పెల్లెట్‌దో అనుకుంటారు. పెద్ద తుపాకుల కోసం చేసిన స్కోపుల్లో పారలాక్స్ చాలావరకు 100 గజాలకి ఫిక్స్ చేసి పంపుతారు. అలాంటి 40 మిల్లీమీటర్ల అద్దం ఉన్న స్కోప్‌ని పది మీటర్లకి వాడితే, కన్ను పూర్తిగా ఓ అంచుకి పోయినప్పుడు వచ్చే తేడా లెక్క ప్రకారం దాదాపు 18 మిల్లీమీటర్లు. 32 మిల్లీమీటర్ల అద్దానికి 14. అంత ఘోరంగా ఎవరూ తల పెట్టరనుకోండి, అందులో నాలుగో వంతు వచ్చినా టార్గెట్ కార్డ్ మీద రెండు రింగులు పోయినట్టే.

అందుకే అడ్జస్ట్ చేసుకునే పారలాక్స్ ఉన్నదే తీసుకోండి. రెండు రకాలు ఉంటాయి. ముందు అద్దం చుట్టూ రింగు తిప్పేది ఒకటి, దాన్ని ఏఓ అంటారు, ఎడమ పక్కన మూడో గుండీలాగ ఉండేది ఇంకోటి, అది సైడ్ ఫోకస్. ఏఓ చవక, తయారీ సింపుల్, కాకపోతే కాల్చే పొజిషన్‌లో ఉండి చెయ్యి ముందుకి చాచి తిప్పాలి. సైడ్ ఫోకస్‌కి చెంప కదపక్కర్లేదు, ధర ఎక్కువ. ఒకే దూరంలో పేపర్ మీద కాల్చేవాడికి ఏఓ సరిపోతుంది, ఒకసారి తిప్పి వదిలేస్తాం కాబట్టి, దూరాలు మార్చి మార్చి కొట్టేవాడికి సైడ్ ఫోకస్ సుఖం. ఏదైనా సరే కనీస దూరం 10 గజాలు లేక అంతకన్నా తక్కువ అని రాసి ఉండాలి, షాపులో అడగండి, ఆన్‌లైన్ అయితే రింగు మీద అంకెలు కనపడే ఫోటో అడిగి తెప్పించుకోండి. వచ్చాక కూడా పరీక్ష చాలా తేలిక, రైఫిల్‌ని ఇసక బస్తా మీద కదలకుండా పెట్టి దాన్ని ముట్టుకోకుండా తల అటూ ఇటూ ఆడిస్తూ లోపలికి చూడండి, క్రాస్ టార్గెట్ మీద ఈదుతోంటే ఫోకస్ ఇంకా కుదరలేదని అర్థం, అతుక్కుపోయినట్టు ఉంటే కుదిరింది. రింగు మీద అంకెల్ని నమ్మకండి, ఆ అంకె ఒక అంచనా మాత్రమే, మీ కన్ను చెప్పిందే ఫైనల్.

రెండోది కుదుపు. స్ప్రింగ్ రైఫిల్ చిన్నదే కదా, దీనికి ఏ స్కోప్ అయితే ఏంటి అనుకుంటాం. నిజానికి స్కోపుల పాలిట యముడు అదే. పెద్ద తుపాకీ వెనక్కి మాత్రమే తంతుంది. స్ప్రింగ్ రైఫిల్‌లో బరువైన పిస్టన్ ముందుకి దూకినప్పుడు రైఫిల్ వెనక్కి జరుగుతుంది, ఆ పిస్టన్ వెళ్లి సిలిండర్ చివర గాలి మెత్త మీద ఆగినప్పుడు మళ్లీ ముందుకి కుదుపు, రెండూ కన్ను మూసి తెరిచేలోపే. ఒక్క వైపు కుదుపుకి బలంగా కట్టిన స్కోప్‌లో అద్దాలు రెండో వైపుకి వదులైపోతాయి. నా మొదటి స్కోప్ అలాగే పోయింది, ఒక షాపువాళ్లు "దేనికైనా పనిచేస్తుంది సార్" అని అంటగట్టారు, మూడొందల షాట్లు దాటేసరికి లోపల క్రాస్ గీత వాలిపోయింది, తిరిగి తీసుకోమంటే తీసుకోలేదు. ఆ బాధతో చెప్తున్నా, "స్ప్రింగర్ రేటెడ్" లేక "ఎయిర్‌గన్ రేటెడ్" అని కంపెనీ స్వయంగా రాసిన మోడలే కొనండి, అమ్మేవాడి నోటి మాట కాదు. హాక్ కంపెనీ ఎయిర్‌మాక్స్ లాంటివి ఎయిర్ రైఫిళ్ల కోసమే చేసినవి. పీసీపీ అంటే సిలిండర్‌లో గాలి నింపి వాడే రైఫిల్ అయితే ఈ బెంగ లేదు, కుదుపు దాదాపు ఉండదు, బడ్జెట్ మొత్తం అద్దాల క్వాలిటీ మీద పెట్టొచ్చు. మన దేశంలో తయారయ్యే ప్రెసిహోల్ వాటిలో పిస్టన్‌తో కొట్టేవీ ఉన్నాయి, పీఎక్స్ 100 లాంటి పీసీపీలూ ఉన్నాయి, రెంటికీ ఒకే స్కోప్ సలహా ఇచ్చేవాడు ఉంటే వాడి మాట వినకండి.

ఇప్పుడు అసలు పోలిక.

4×32 ఫిక్స్‌డ్. తేలిక, చవక, లోపల కదిలే భాగాలు తక్కువ కాబట్టి గట్టిది. వెలుగు బాగా వస్తుంది, ముందు అద్దం కొలతని ఎక్స్‌తో భాగిస్తే కంటికి వచ్చే వెలుగు వృత్తం తెలుస్తుంది, దీనికి 8 మిల్లీమీటర్లు, అంటే తల అటూ ఇటూ అయినా బొమ్మ మాయం కాదు. డబ్బాలు, సీసా మూతలు కొట్టే సరదాకి చక్కటి వస్తువు. కార్డ్ మీద స్కోర్ రాసుకునేవాడికి మాత్రం నేను వద్దంటా, పారలాక్స్ ఫిక్స్‌డ్, గీతలు లావు, 4 ఎక్స్‌లో పాతిక మీటర్ల దగ్గర పెల్లెట్ రంధ్రం సరిగ్గా కనపడదు. ముందు అద్దం రింగు విప్పి పారలాక్స్ దగ్గరికి తెచ్చుకునే కిటుకు ఒకటి ఉంది, పనిచేస్తుంది కూడా, కానీ దాంతో లోపల నింపిన నైట్రోజన్ పోతుంది, కళింగపట్నం గాలి పీల్చే ఊళ్లలో ఆ తర్వాత అద్దం లోపల తేమ పట్టకుండా ఆపడం కష్టం.

3-9×40 ఏఓ. పదిమందిలో ఎనిమిది మందికి నేను చెప్పేది ఇదే. 9 ఎక్స్ దగ్గర కూడా 4.4 మిల్లీమీటర్ల వెలుగు వృత్తం వస్తుంది, బరువు మోయగలం, స్ప్రింగర్ రేటెడ్ మోడళ్లు దొరుకుతాయి, పది మీటర్లకి 6 ఎక్స్, పాతిక మీటర్లకి 9 ఎక్స్ పెట్టుకుంటే కన్ను అలవకుండా సాయంత్రం దాకా కాల్చొచ్చు. 4-12×40 ఏఓ కూడా ఇదే కుటుంబం, ధరలో తేడా తక్కువైతే అది తీసుకోండి.

4-16×44 లేక 6-24×50 సైడ్ ఫోకస్. పీసీపీ ఉండి, బస్తా మీద పెట్టి 25 నుంచి 50 మీటర్లు కాల్చేవాడికి నిజంగా పనికొస్తుంది. ఎక్కువ ఎక్స్‌లో ఫోకస్ లోతు చాలా తక్కువ, టార్గెట్ ఒక్క దూరంలోనే పదునుగా తేలుతుంది, అందుకే ఫీల్డ్ టార్గెట్ వాళ్లు ఆ ఫోకస్ చక్రాన్నే దూరం కొలిచే పనిముట్టుగా వాడతారు. ఇవన్నీ ఒప్పుకుంటా. కానీ నిలబడి చేత్తో పట్టుకుని 24 ఎక్స్‌లో చూడండి, మీ గుండె కొట్టుకోవడం కూడా క్రాస్ మీద కనిపిస్తుంది, దాన్ని ఆపాలని బిగుసుకుపోతారు, ట్రిగ్గర్ లాగేస్తారు. 50ని 24తో భాగిస్తే 2.1 మిల్లీమీటర్లే, తల జుట్టంత జరిగితే నల్లటి నీడ. మా తమ్ముడి కేసు ఇదే, అయినా వాడి రైఫిల్‌కి పది మీటర్లకి దిగే 3-9 ఏఓ పెట్టాక మొదటి సాయంత్రమే అయిదు షాట్లు రూపాయి బిళ్ల కింద దాగిపోయాయి.

క్రాస్ గీతల రకం గురించి ఎక్కువ బెంగ పడొద్దు. పేపర్ మీదకి సన్నటి గీత, వీలైతే మధ్యలో చిన్న చుక్క. మిల్ డాట్, అంటే గీతల మీద సమ దూరంలో ఉండే చుక్కలు, ఉంటే లాభమే, ఒక మిల్ అంటే పది మీటర్ల దగ్గర సరిగ్గా ఒక సెంటీమీటరు, లెక్క నోటికి వస్తుంది, కాకపోతే మామూలు స్కోపుల్లో ఆ కొలత ఒక్క ఎక్స్ దగ్గరే నిజం, ఏ ఎక్స్ అన్నది డబ్బాలో కాగితం మీద ఉంటుంది. ఏ ఎక్స్‌లోనైనా ఆ కొలత నిజంగా ఉండే రకానికి ఫస్ట్ ఫోకల్ ప్లేన్ అని ఎక్కువ డబ్బు అడుగుతారు, ఒకే దూరంలో కాల్చేవాడికి దాని అవసరం లేదు. ఎర్ర లైటు వెలిగే గీతలు కూడా పగటి పూట టార్గెట్‌కి దండగే.

మౌంట్ దగ్గర పొదుపు చెయ్యకండి

ఎక్కువ ఎయిర్ రైఫిళ్ల మీద ఉండేది 11 మిల్లీమీటర్ల డవ్‌టెయిల్ గాడి, పెద్ద తుపాకుల పికాటినీ పట్టా వేరే, 21 మిల్లీమీటర్లు. కొనేముందు స్కేల్ పెట్టి కొలవండి, స్కోప్ గొట్టం అంగుళమా 30 మిల్లీమీటర్లా అన్నది కూడా. స్ప్రింగర్ మీద స్కోప్ షాట్ షాట్‌కీ వెనక్కి పాకుతుంది, అందుకని కింద స్టాప్ పిన్ ఉన్న వన్ పీస్ మౌంట్ కావాలి, ఆ పిన్ రైఫిల్ మీద ఉన్న గుంటలో కూర్చోవాలి. మీ రైఫిల్‌కి గుంట లేకపోతే వెనకాల విడిగా ఒక స్టాపర్ బిగించాలి. బ్రేక్ బ్యారెల్‌కి ఇంకో జబ్బు ఉంది, బ్యారెల్ మూసినప్పుడు కొద్దిగా కిందకి వాలి కూర్చుంటుంది, స్కోప్‌లో పైకి తిప్పే గుండీ చివరిదాకా తిప్పినా పెల్లెట్ కిందే పడుతుంది. చివరిదాకా తిప్పేసిన స్కోప్‌లో లోపలి స్ప్రింగు పట్టు వదులై జీరో, అంటే క్రాస్ పెట్టిన చోటే పెల్లెట్ పడేలా చేసుకున్న అమరిక, నిలబడదు. దానికి వాలు సరిచేసే మౌంట్ దొరుకుతుంది, లేదంటే వెనక రింగులో, స్కోప్ గొట్టం కింద, కూల్‌డ్రింక్ టిన్ను రేకు ముక్క సన్నగా కత్తిరించి వేస్తే సరిపోతుంది, వెనక రింగులోనే, ముందు దాంట్లో కాదు.

క్రాస్ నిలువుగా ఉందో లేదో చూడ్డానికి తాపీ మేస్త్రి గుండు దారం గోడకి వేలాడదీసి రైఫిల్‌ని నిటారుగా పెట్టి నిలువు గీతని దారంతో కలపండి. రైఫిల్ అయిదు డిగ్రీలు పక్కకి వాలితే పది మీటర్ల దగ్గర ఒక మిల్లీమీటరు కూడా తేడా రాదు, పాతిక మీటర్ల దగ్గర అయిదు మిల్లీమీటర్లు పోతుంది. కంటికి అద్దానికి మధ్య దూరం మామూలుగా ఏడున్నర నుంచి తొమ్మిది సెంటీమీటర్లు, కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, చెంప ఆనించి, కళ్లు తెరవండి, బొమ్మ నిండుగా కనపడాలి, మెడ ముందుకి చాపాల్సి వస్తే స్కోప్‌ని జరపాలి గానీ మెడని కాదు. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించండి, రెండు వేళ్ల బలం చాలు, పిడికిలి బలంతో తిప్పితే గొట్టం నొక్కుకుపోతుంది.

జీరో చేసుకోవడం

పది మీటర్ల దగ్గర మొదలుపెట్టి అయిదేసి షాట్లు. ఒక్క షాట్ చూసి గుండీ తిప్పొద్దు, అయిదూ పడ్డాక ఆ గుంపు మధ్య ఎక్కడుందో చూసి తిప్పాలి. గుండీ మీద పావు ఎంఓఏ (డిగ్రీలో అరవయ్యో వంతు కోణాన్ని ఎంఓఏ అంటారు) అనో, వంద గజాలకి పావు అంగుళం అనో రాసి ఉంటుంది, పది మీటర్ల దగ్గర అది ఒక్కో క్లిక్‌కి 0.7 మిల్లీమీటర్లే, అంటే ఒక సెంటీమీటరు జరపాలంటే 14 క్లిక్కులు. రెండు క్లిక్కులు తిప్పి "కదలట్లేదు" అని కంగారు పడేవాళ్లని చాలామందిని చూశా. కొత్త స్కోప్ నిజాయితీగా తిరుగుతుందో లేదో తెలియాలంటే మధ్యకి కాల్చి, 40 క్లిక్కులు పైకి, 40 కుడికి, 40 కిందకి, 40 ఎడమకి, ప్రతి చోటా మూడు షాట్లు. పేపర్ మీద మూడు సెంటీమీటర్ల లోపు చదరం వచ్చి, ఆఖరి గుంపు మొదటి గుంపు మీదే పడాలి. పడకపోతే రిటర్న్ గడువు ఉండగానే బేగి పంపేయండి.

స్ప్రింగర్‌ని గట్టిగా పట్టుకోకండి, ముందు చెయ్యి అరచేతిలో ఊరికే ఆనించి దాని కుదుపు దాన్ని చెయ్యనివ్వాలి. బస్తా మీద నేరుగా పెట్టి కాలిస్తే జీరో ఒకలాగ, చేతిలో పట్టుకుంటే ఇంకోలాగ వస్తుంది. ఇది స్కోప్ లోపం కాదు. పెల్లెట్ మారినా జీరో మారుతుంది, జేఎస్‌బీ ఎగ్జాక్ట్ అనే 8.44 గ్రెయిన్ల బరువున్న పెల్లెట్‌తో జీరో చేసి వేరే చవక డబ్బా పోసి కాలిస్తే మళ్లీ మొదటికి.

ఒకే రైఫిల్‌తో పదీ, పాతికా రెండూ కాల్చేవాళ్లకి ఒక లెక్క చెప్తా. స్కోప్ బ్యారెల్‌కి నాలుగున్నర సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది, పెల్లెట్ కింద నుంచి బయల్దేరి చూపు గీతని చేరుకోవాలి. 8.44 గ్రెయిన్ పెల్లెట్ సెకనుకి 240 మీటర్ల వేగం దగ్గర, 25 మీటర్లకి జీరో చేస్తే పది మీటర్ల దగ్గర సుమారు 12 మిల్లీమీటర్లు కిందపడుతుంది, 15 దగ్గర మూడు కింద, 20 దగ్గర ఒకటి పైన. అదే పది మీటర్లకి జీరో చేసి 25కి వెళ్తే మూడు సెంటీమీటర్లు పైకి పోతుంది. అందుకే నేను పాతికకి జీరో ఉంచి, పదికి ఎన్ని క్లిక్కులో స్కూలు నోట్‌బుక్ ఆఖరి పేజీలో రాసి పెట్టుకున్నా. మీ రైఫిల్ వేగం వేరు, మీ అంకెలు మీరే కాల్చి రాసుకోవాలి.

మన వాతావరణం గురించి. సోంపేట, భీమిలి వైపు సముద్రపు గాలి తగిలే ఇళ్లలో స్కోప్‌ని ఫోమ్ పెట్టెలో మూసి బీరువాలో పెడితే అద్దాలకి బూజు పడుతుంది, సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టండి, ఆ పొట్లాలు నెలకోసారి మార్చండి. అద్దం మీద ఉప్పు తేమ పడితే చొక్కా అంచుతో రుద్దకండి, ముందు బ్లోయర్‌తో ఊది తర్వాత లెన్స్ గుడ్డ. పొందూరు ఖద్దరు ఎంత మెత్తనైనా దీనికి పనికిరాదు. ఎండలో కారులో వదలకండి, స్కోప్‌తో సూర్యుడి వైపు ఎప్పుడూ చూడకండి.

.177 బోరు, 20 జౌల్స్ లోపు ఎయిర్ రైఫిల్‌కి లైసెన్స్ అక్కర్లేదు గానీ గుర్తింపు కార్డు ఇచ్చి బిల్లుతోనే కొనండి. టార్గెట్ వెనక ఇసక నింపిన బస్తాలు రెండు వరసలు, ఆ వెనక గట్టి గోడ, ఇవి లేకుండా జీడి తోటలో అయినా కాల్చొద్దు, కళ్లద్దాలు తప్పనిసరి. స్కోప్ వచ్చాక కొందరు గుంటలకి పిట్టల మీదకి గురి పోతుంది. 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం, కేసు అవుతుంది. నాకు మాత్రం చట్టం కన్నా ముందు శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురం గుర్తొస్తుంది, ఎక్కడెక్కడి నుంచో ఎగిరొచ్చి మన ఊరి చింతచెట్ల మీద పిల్లల్ని చేసుకునే పక్షుల్ని ఆ ఊరివాళ్లు సొంత ఆడపడుచుల్లాగ చూసుకుంటారు. మా తమ్ముడికి స్కోప్ బిగించి ఇచ్చేటప్పుడు పేపర్ తప్ప ఇంకేదీ ఆ క్రాస్ కిందకి రాకూడదని మాట తీసుకునే ఇచ్చాను.